పాటల్లేని పెళ్లి కేసెట్టు

మా నాన్న గొంతు ఎలాంటిదో వన్ టౌన్ బట్టల బజార్లో ఎవర్నడిగినా చెప్పేవారు. ఆయన హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. గల్లాపెట్టె పక్కన నిలబడి "నీలం అంచు తానులు రెండు దింపండయ్యా" అని కేక వేస్తే మేడ మీద గోడౌన్లో ఉన్న మనిషికే కాదు, ఎదురు కొట్టువాళ్లకీ వినపడేది. ఎదురు కొట్టాయన మా అమ్మ కనపడినప్పుడల్లా "మీ ఆయన అరుపులకి మా బేరాలన్నీ మీ కొట్లోకే పోతున్నాయమ్మా, కాస్త ఇంట్లో చెప్పి చూడండి" అని వేళాకోళమాడేవాడు. అమ్మ పైకి విసుక్కునేది గానీ లోపల ఆవిడకి ఎంత గర్వమో నాకు తెలుసు.

ఆ గొంతుకి అసలైన పని పెళ్లిళ్లలో పడేది. మా చుట్టాల్లో సగంమంది పెడన చుట్టుపక్కల మగ్గాల మీద బతికినవాళ్లు, మిగతా సగం బట్టల వ్యాపారం. ఎవరింట్లో పెళ్లయినా చదివింపులకి నాన్న ఉండి తీరాలి. తాళి కట్టడం అయ్యాక బంధువులు ఒక్కొక్కరే వచ్చి కానుకలిస్తుంటే, ఎవరేమిచ్చారో పందిరంతా వినపడేలా మైకులో చెప్పే పని అది. చెప్పడమంటే అప్పజెప్పడం కాదు. "పెళ్లికూతురి మేనత్త గారు, మచిలీపట్నం కాపురస్తులు, ఎండనక బస్సులో నిలబడి వచ్చి, స్టీలు బిందె చదివించారహో!" అని రాగం తీసేవాడు. బిందె ఇచ్చిన మేనత్త బంగారం ఇచ్చినంత పొంగిపోయేది. ఎవరైనా చిన్న గిన్నె ఇచ్చి మొహమాటపడుతుంటే ఆ గిన్నెకి ఇంకా పెద్ద రాగం తీసేవాడు. పంక్తిలో కూర్చున్నవాళ్లు ముద్ద నోటిదగ్గర ఆపి మరీ వినేవాళ్లు.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. మొదట బొంగురన్నారు, తర్వాత జలుబన్నారు, మిరియాల కషాయాలూ ఉప్పునీళ్ల పుక్కిలింతలూ అన్నీ అయ్యాక ఆస్పత్రికి తీసుకెళ్తే కేన్సరన్నారు. స్వరపేటిక తీసెయ్యాలి, తీస్తే మనిషి దక్కుతాడు, లేకపోతే లేదు అన్నాడు డాక్టరు. ఇక ఆలోచించుకోవడానికి ఏముంది? తీసేశారు. మెడ ముందుభాగంలో ఒక రంధ్రం పెట్టారు. ఇక ఊపిరి దాన్లోంచే. దాని మీద పల్చటి తెల్లగుడ్డ కట్టుకుని ఇంటికొచ్చాడు నాన్న. పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. ఊపిరి మాత్రం సన్నగా ఈలలా చప్పుడు చేసేది. నవ్వినా, ఏడుపొచ్చినా ఆ చప్పుడు పెద్దదయ్యేది. పలకా బలపం కొనిచ్చాం. అంత వయసు మనిషి ఒంగుని కూర్చుని పలక మీద "మంచినీళ్లు" అని రాసి చూపించేవాడు.

మా పాప ఆ తర్వాత పుట్టింది. మా ఆయనది కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో షిఫ్టు డ్యూటీ, నాది మేముండే భవానీపురంలోనే ఒక స్కూల్లో టీచరుద్యోగం. అందుకని కింది వాటాలో అమ్మావాళ్లూ, పై వాటాలో మేమూ. పేరుకే రెండు వాటాలు, పాప ఎప్పుడూ కిందనే. దాన్ని పెంచింది నాన్నే. ఒక చప్పట కొడితే అన్నానికి రమ్మని, రెండు కొడితే కృష్ణ ఒడ్డుకి షికారుకి పోదామని. బల్ల మీద వేళ్లతో దరువేస్తే అలిగావా అని. ఈ భాషంతా వాళ్లిద్దరే తయారు చేసుకున్నారు. నాకు సగం అర్థమయ్యేది కాదు.

పాపకి నాలుగో ఏడు నడుస్తుండగా పక్కింటికి అద్దెకొచ్చినావిడ పరిచయం చేసుకుందామని మా ఇంటికొచ్చింది. నాన్న నమస్కారం పెట్టి ఊరుకున్నాడు. ఆవిడ ఏదో అడగబోతే పాప ముందుకొచ్చి, ఎంతో గొప్ప సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"మా తాతయ్యకి మాటలు రావండీ. పుట్టినప్పుడే దేవుడు పెట్టలేదు."

ఆవిడ "అయ్యో పాపం, పుట్టు మూగా?" అంది. నాకు చర్రున కోపమొచ్చింది గానీ ఎవరి మీదని చూపిస్తాను? ఆవిడకి తెలియదు, పాపకి అంతకన్నా తెలియదు. నాన్న మొహం చూశాను. డాక్టరు కేన్సరని చెప్పినప్పుడు కూడా ఆ మొహం అంతలా వాడిపోలేదు. ఆవిడ వెళ్లాక పలక తెప్పించుకుని రాశాడు. "దీనికి నా గొంతు ఒక్కసారి వినిపించు." రాసి, "ఒక్కసారి" అన్నదాని కింద గీత గీశాడు.

అదెంత పని అనుకున్నాను. ఊళ్లో ఇన్ని పెళ్లిళ్లు చదివించిన మనిషి, ప్రతి పెళ్లికీ వీడియో తీయించారు, అందర్లో ఎవరో ఒకరి దగ్గర దొరక్కపోతుందా! ముందు నా పెళ్లి కేసెట్టే తీశాను. పాత వీసీఆర్ దుమ్ము దులిపి పెట్టాను. చదివింపులు వచ్చాయి. నాన్న మైకు పట్టుకుని నిలబడ్డాడు, నోరు తెరిచాడు. నాన్న గొంతులోంచి వానలో తడుస్తున్న హీరోయిన్ పాట వచ్చింది. బొమ్మ చుట్టూ గులాబీ రంగు గుండెకాయలు తిరుగుతున్నాయి. నాన్న నోరు తెరిచినప్పుడల్లా లలల్లా అని ఆడగొంతు. కాసేపు చూసేసరికి నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఇక చుట్టాలందరి ఇళ్లల్లో కేసెట్లూ పట్టుకొచ్చాను. మా రోజుల్లో పెళ్లి వీడియో అంటే మొదటినుంచీ చివరిదాకా సినిమా పాటలే కదా. కాళ్లు కడిగితే ఒక పాట, జీలకర్ర బెల్లానికి ఒక పాట, అప్పగింతలకి ఏడుపు పాట. మనుషులు మాట్లాడుకున్నది ఒక్క ముక్క ఉంచరు. అన్నిట్లోనూ నాన్న ఉన్నాడు. అన్నిట్లోనూ నోరు తెరుస్తూనే ఉన్నాడు. ఒక్కచోట గొంతు లేదు. మా పెళ్లి తీసిన స్టూడియోకి వెళ్లి, అసలు కేసెట్టు ఉంటుంది కదా, పాటలు ఎక్కించకముందుది, అది ఇమ్మని అడిగాను.

"భలేవారండీ మీరు! దాని మీద వేరే పెళ్లి తీసేస్తాం కదండీ" అన్నాడాయన.

"మాటలు ఎందుకు తీసేస్తారండీ అసలు? మిమ్మల్ని ఎవరు తీసెయ్యమన్నారు?"

"మాటలు ఎవరిక్కావాలండీ? పాటల్లేకుండా ఇస్తే పెళ్లివారు మీదకొస్తారు. మీరే ఆ రోజు కూర్చుని పాటలు చెప్పి వెళ్లారు, గుర్తు లేదా?"

నిజంగానే చెప్పాను కాబోలు. ఆ ఈడులో ఎవరు చెప్పరు? నాన్న గొంతు ఎక్కడికి పోతుందిలే అనుకునే రోజులవి.

చివరికి పెడనలో మా పిన్ని ఫోన్లో అంది. "ఏమే, మా పెద్దాడి పెళ్లి కేసెట్టొకటి ఉంది గానీ అది పాటల్లేని కేసెట్టే. మిక్సింగు చేస్తానని ఆ ఫొటో ఆయన ఇవ్వాళ రేపని తిప్పుతుంటే నాకు ఒళ్లు మండి, నీ పాటలూ వద్దు నువ్వూ వద్దని లాక్కొచ్చేశాను. ఎవరు చూస్తారే దాన్ని, అంతా గోలే. పిల్లలేడుపులూ, గిన్నెల చప్పుళ్లూనూ. మీ నాన్న అరుపులొకటి."

"పిన్నీ, నీ కాళ్లకి దండం పెడతా, దాన్ని ఎవరికీ ఇవ్వకు" అన్నాను. ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

పిన్ని దాన్ని మగ్గాల గదిలో ట్రంకుపెట్టెలో పెట్టింది. గుంట మగ్గాలుండే గది, నూలు తెగకుండా ఎప్పుడూ చెమ్మగానే ఉంచుతారు. కేసెట్టు మీదుండే చిన్న కిటికీలోంచి చూస్తే టేపు అంచు మీద తెల్లగా బూజు. పిన్ని కొంగుతో తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. దారంతా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మా వీధి మొగలో సీడీల్లోకి సినిమాలూ అవీ ఎక్కించి రాసిచ్చే కొట్టు ఉండేది. ఇరుకు కొట్టు, రెండు కంప్యూటర్లు, ఎప్పుడూ నలుగురు నిలబడి సినిమాలు రాయించుకుంటూ ఉండేవారు. కొట్టాయన పిల్లలున్నవాడే, మంచి మనిషే, కాకపోతే ఏ పని చెప్పినా "అదెంతండీ" అంటాడు. కేసెట్టు చూసి మాత్రం అనలేదు.

"బూజు బాగా పట్టేసిందండీ. ఒక్కసారి ఆడుతుందేమో. రెండోసారికి నా పూచీ లేదు."

"ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించండి."

ఎక్కించాడు. టేపు చివరికంటా ఆడి, వెనక్కి తిప్పుతుంటే తెగి మిషను లోపల చుట్టుకుపోయింది. నేను సాయంత్రం వెళ్లేసరికి నల్లటి చిక్కు ఒకటి సంచిలో వేసి చేతికిచ్చాడు. "కంగారు పడకండి, ఫైలు సిస్టంలో ఉంది" అని ఒకచోట నొక్కాడు. "...గోడ గడియారం చదివించారహో!" అని వినపడింది. అంతే, ఆపేశాడు, వెనక ఎవరో తొందర పెడుతున్నారని. ఆ గొంతు విని ఎన్నేళ్లయింది!

మామూలుగా సీడీల్లోకి రాస్తే మూడు సీడీలవుతుందట, మధ్యమధ్యలో తెగుతుందట. కంప్రెస్ చేస్తే, అంటే నొక్కి చిన్నది చేస్తే, మొత్తం ఒక్క డిస్కులో పడుతుందన్నాడు. మీ ప్లేయరులో ఆడుతుందా అనడిగాడు. మా ఆయన బీసెంట్ రోడ్డులో కొన్న కొత్త ప్లేయరు, డబ్బా మీద అన్నిరకాలూ ఆడుతుందని రాసి ఉంది. "అయితే ఇంకేంటండీ, అదెంత" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో హడావిడి చూడాలి. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, తన గొంతు వినడానికి. అమ్మ పులిహోర చేసింది. పాపని ముందు కూర్చోబెట్టి "తాతయ్య మాట్లాడతాడు చూడు" అన్నాను. డిస్కు పెట్టాను. బొమ్మ శుభ్రంగా వచ్చింది. పందిరి, పెళ్లికొడుకు, నాన్న చేతిలో మైకు. నోరు తెరిచాడు. చప్పుడు లేదు. సౌండు పెంచాను. లేదు. ఇంకా పెంచాను. తెర మూల ఈ ఆడియో మావల్ల కాదని ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చి పోయింది. వైర్లు పీకి పెట్టాను, ప్లేయరుని రెండు దెబ్బలు వేశాను, రిమోట్లో ఉన్న మీటలన్నీ నొక్కాను. తెర మీద నాన్న చేతులూపుతూ, మెడ నరాలు ఉబ్బేలా ఏదో అరుస్తున్నాడు. ఎదురుగా కుర్చీలో నాన్న ఆ నోటి వంకే చూస్తున్నాడు.

పాప నా మోకాలు పట్టుకుని ఊపింది. "చూశావా అమ్మా? అక్కడ కూడా తాతయ్యకి మాటలు రాట్లా."

నాన్న లేచి టీవీ కట్టేశాడు. పాపకి తనే పులిహోర తినిపించాడు.

మర్నాడు కొట్టాయన మీద విరుచుకుపడ్డాను. ఆయన పాపం ఏవేవో చెప్పాడు. బొమ్మ నొక్కడం ఒక రకమట, మాట నొక్కడం ఇంకో రకమట, మా ప్లేయరుకి ఆ రెండో రకం అర్థం కాదట, కంప్యూటరుకి అవుతుందట. "అయితే మా వాళ్లని ఇక్కడికే తీసుకొస్తా, కంప్యూటర్లోనే వినిపించండి" అన్నాను. ఇంటికెళ్లి ఆ మాటంటే నాన్న తల అడ్డంగా ఊపాడు. పలక మీద "కొట్లో వద్దు, జనం" అని రాశాడు. నిజమే, ఆ నలుగురి మధ్యా నిలబడి వినే గొంతా అది? మాటని మా ప్లేయరుకి తెలిసే రకంలోకి మార్చి మళ్లీ రాసిస్తానన్నాడు కొట్టాయన. దసరా రద్దీ, రేపు రండి ఎల్లుండి రండి అంటూ దుర్గాష్టమి దాకా తిప్పాడు.

అష్టమి సాయంత్రం డిస్కు చేతికొచ్చింది. ఈసారి నేను మోసపోదల్చుకోలేదు. "మా ప్లేయరు లాంటిది ఇక్కడుందిగా, పెట్టి చూపించండి" అన్నాను. పెట్టాడు. నాన్న గొంతు వచ్చింది. కొట్టంతా నిండింది. సినిమాలు రాయించుకునేవాళ్లు తిరిగి చూశారు. "ఎవరండీ ఈయన, భలే చెప్తున్నాడే" అన్నాడొకాయన. "మా నాన్న" అన్నాను. నా కళ్లు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఇంకో డిస్కు కూడా రాసి ఉంచమంటే, "ఫైలు నా సిస్టంలోనే ఉంటుందండీ, ఎక్కడికి పోతుంది, పండగ వెళ్లాక అదెంత" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మా వీధిలో కరెంటు లేదు. రేపు చూద్దామన్నాను. నాన్న సరేనన్నాడు గానీ డిస్కు ఉన్న కవరుని చేత్తో తడిమి చూశాడు.

మర్నాడు మహర్నవమి, ఆయుధపూజ. నేను స్నానం చేసి దిగేసరికి అమ్మ పూజ సర్దేసింది. కత్తిపీట, కత్తెర, నాన్న పాత గజం బద్ద, కుట్టుమిషను, మా ఆయన స్కూటరు తాళం. వాటి పక్కన ప్లేయరు, ప్లేయరు మీద మా డిస్కు, దాని మీద గుండ్రంగా గంధం, గంధం మీద కుంకుమ, ఒక బంతిపువ్వు.

"అమ్మా! ఏంటే ఇది?"

"అరవకే. నువ్వే చెప్పావుగా మెరిసేవైపు వేలు తగలకూడదని. నేనేమీ తగల్లేదు. అటు కింద తెల్లగుడ్డ వేసి, అక్షరాలుండే రాతవైపే పెట్టాను బొట్టు. మీ నాన్న గొంతు దాన్లో ఉంటే దానికి బొట్టు పెట్టకపోతే ఎట్టా?"

పోనీ అప్పటికప్పుడు తీసి పెడదామంటే ఒప్పుకోలేదు. పూజలో కూర్చోబెట్టిన వస్తువుని ఆ పూట వాడకూడదు, దశమినాడు ఉద్వాసన చెప్పాకే కదపాలి. మా ఇళ్లల్లో నవమినాడు మగ్గం కూడా నేయరు. నాన్న కూడా అమ్మ వైపే తల ఊపాడు. ఇన్నేళ్లు ఆగాం, ఒక్క పూట ఆగలేమా అనుకుని ఊరుకున్నాను.

దశమి పొద్దున అమ్మ కొబ్బరికాయ కొట్టి, అన్నీ తీసి సర్దుతోంది. డిస్కు మీద గంధం ఎండి గట్టిగా అతుక్కుంది. తడిగుడ్డ పెడితే పాడవుతుందేమోనని భయపడి, ఎంతో జాగ్రత్తగా, గోటితో గీకింది. గంధంతోపాటు వెండిరేకులాంటి పొర లేచి వచ్చింది. ఆవిడ దాన్ని కూడా బొట్టు తాలూకు చెత్తే అనుకుని మొత్తం శుభ్రంగా గీకేసింది. నా చేతికిస్తే వెలుతురుకి ఎత్తి చూశాను. బొట్టు ఉన్నచోట్ల అద్దంలా అవతలి గోడ కనపడుతోంది. ప్లేయరులో పెడితే కాసేపు గరగరమని, డిస్కు లేదంది. తర్వాత కొట్టాయన చెప్పాడు, మెరిసేవైపు గీత పడితే ఎలాగో ఆడించొచ్చుట, రాతవైపు పొర లేస్తే ఇక బ్రహ్మ కూడా ఏమీ చెయ్యలేడుట. ముట్టుకోవద్దన్నవైపు ముట్టుకోకుండా అంత భద్రంగా చూసిన మనిషి మా అమ్మ. ఆవిణ్ణి ఏమని తిట్టను? అయినా నోరూరుకోదు కదా, తిట్టాను. "నీ బొట్లూ నువ్వూ! దేవుడు సగం తీసుకెళ్లాడు, మిగతాది నువ్వు గీకేశావు" అన్నాను. అమ్మ ఆ వెండిపొర ముక్కల్ని అరచేతిలో పోగు చేసి, వాటిని మళ్లీ అంటించొచ్చేమో అన్నట్టు నా వంక చూసింది. నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. పలక మీద "పోనీలే" అని రాసి అమ్మకి చూపించాడు. నాకు చూపించలేదు.

ఫైలుందిగా అని నా ధైర్యం. పండగ వెళ్లాక కొట్టు తీశారు. కొట్టాయన నన్ను చూడగానే మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"సిస్టంలో వైరస్ పడిందండీ. మొత్తం ఫార్మాట్ కొట్టాల్సి వచ్చింది."

"మా నాన్న?"

"ఏదీ మిగల్లేదండీ. నా పిల్లల ఫొటోలు కూడా పోయినై."

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఆయన మంచినీళ్లిచ్చి, ఉన్నట్టుండి అడిగాడు. "మాట రాని మొదటి డిస్కుందిగా, అదేం చేశారు? దాన్లో మాట ఉందండీ, మీ ప్లేయరుకి తెలియలేదంతే."

నాకా సంగతే తట్టలేదు! పరుగున ఇంటికొచ్చి ఇల్లంతా తిరగేశాను. ఎక్కడుంది? పాప లక్కపిడతల మధ్య. దాని బొమ్మలకి అది అన్నం పళ్లెం. దాని మీద ఇటుకపొడి కారం, ఇసక అన్నం, గులకరాయితో నూరిన ఆకు పచ్చడి. కడిగితే మెరిసేవైపంతా గీతలు. పాప ఏడుపు మొదలెట్టింది, నా పళ్లెం ఇచ్చెయ్యమని. అసలు పళ్లెమొకటి కొనిపెడతానని బతిమాలుకుని పట్టుకెళ్లాను.

కొట్టాయన దాని మీద పళ్లు తోముకునే పేస్టు రాసి మెత్తటి గుడ్డతో రుద్దాడు. పేస్టేమిటి నా మొహం అనుకున్నాను, కానీ అడ్డు చెప్పే స్థితిలో ఉన్నానా? కంప్యూటర్లో పెట్టి కాపీ కొడితే కాస్త దూరం పోయి ఆగిపోయేది. మళ్లీ తీసి రుద్దేవాడు, మళ్లీ పెట్టేవాడు. పాపం ఆ రోజు బేరాలు కూడా వదులుకున్నాడు. పెళ్లంతా పోయింది. పెళ్లికొడుకు పోయాడు, తాళి పోయింది. చదివింపుల్లో చివరి ముక్క, భోజనానికి రెండోసారి నీళ్లు పోసేంత సేపు ఉంటుందేమో, అది దక్కింది. దాన్ని మా ప్లేయరుకి తెలిసే రకంలో రెండు డిస్కులు రాసిచ్చాడు. ఈసారి అదెంత అనలేదు.

ఆ సాయంత్రం పాపని పిలిచి కూర్చోబెట్టాను. ఇస్త్రీ చొక్కాలు లేవు, పులిహోర లేదు. నాన్న కుర్చీ దాని వెనకే వేసుకున్నాడు. అమ్మ వంటింటి గుమ్మం దాటి రానంది, తన నీడ కూడా డిస్కు మీద పడకూడదట. నేను రిమోట్ నొక్కాను.

"పెళ్లికూతురి పెద్దమ్మ గారు, వయసుని లెక్కచెయ్యకుండా మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి, చిన్నదైనా చెరగని మనసుతో, ఇత్తడి చెంబు చదివించారహో!"

ఇల్లు అదిరింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పాప ఒక్కసారిగా లేచి నిలబడింది, కళ్లు ఇంతలేసి చేసుకుని. "చదివించారహో!" అంది తనూ. తెర మీద నాన్న ఇంకో రాగం తీశాడు, ఇది కూడా తీసింది. పడిపడి నవ్వింది. టీవీ దగ్గరికంటా వెళ్లి, అద్దం మీద ఆయన బుగ్గని ముట్టుకుంది. అంతమంది చుట్టాలు ముద్ద ఆపుకుని విన్న గొంతుని నా కూతురు కూడా విన్నది. నాకింకేం కావాలి అనుకున్నాను.

వెనక నాన్నకి ఆనందం పట్టలేకపోయింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో, మెడమీది గుడ్డ ఎగిరెగిరి పడుతోంది, ఊపిరి ఈల పెద్దదైపోయింది. తెర మీద ఆయన ఏదో మెల్లగా, చమత్కారంగా చెబుతున్నాడు, అది సరిగ్గా వినపడలేదు. పాప విసుగ్గా వెనక్కి తిరిగింది, పెదవి మీద వేలు పెట్టుకుంది.

"ష్! చప్పుడు చెయ్యకు తాతయ్యా. ఈ తాతయ్య మాటలు వినపడట్లా."

నాన్న చెయ్యి మెడ దగ్గరికి పోయింది. కానీ ఆ రంధ్రాన్ని ఎంతసేపని మూసి పెడతాడు, ఊపిరి దాన్లోంచేగా. అలాగే పట్టుకుని, చప్పుడు కాకుండా లేచి, కుర్చీ కూడా జరపకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. కిటికీ ఊచల అవతల నిలబడి, అక్కణ్ణుంచి పాపనే చూస్తున్నాడు. నేను లేవబోయాను. ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

పాప సౌండు పెంచమంది. పెంచాను.